సొంత కోరిక మేరకు

టీ పియాలా అంచుదాకా నిండింది.

జుమాగుల్ టీ కాచే సమోవార్ కొళాయి వెంటనే కట్టలేదు. ఇంకొక్క చుక్క పడితే పొర్లుతుందనగా కట్టి, పియాలాను రెండు చేతులా పట్టుకుని, తల వంచి, కోడలు చూపవలసిన మర్యాదలో ఏ లోపమూ లేకుండా బావగారి ముందు పెట్టింది.

గదిలో మాట ఆగిపోయింది.

అతిథికి పియాలా అడుగున రెండు గుక్కలకు మించి పోయరు. అలా కొద్దికొద్దిగా మళ్లీ మళ్లీ పోయడంలోనే 'ఇంకా కూర్చోండి' అన్న మాట ఉంటుంది. నిండా పోశారంటే తాగి లేవమని. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో టీ పోస్తున్న చెయ్యి అది. పొరపాటున నిండిందని ఎవరూ అనుకోవడానికి వీలు లేదు.

గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట, దిండ్లకు ఆనుకుని కూర్చున్న తెమిర్‌బెక్ ఆ పియాలా వంక చూశాడు. ఊళ్లోని ఉన్ని మిల్లులో నేత విభాగానికి అధికారి అతను. తన ముందు నిండు పియాలా పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు. తమ్ముడు, జుమాగుల్ భర్త కుబాత్ ఏమైనా అంటాడేమోనని ఒక క్షణం ఆగాడు. కుబాత్ కింద పరచిన గుడ్డ మీది కుట్టుపూలను అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా తల దించుకున్నాడు. తల్లి బురుల్సున్ ఇంకా తుంచని రొట్టెను ఒళ్లోంచి తీసి గుడ్డ మధ్యలో పెట్టి, చేతులు ముడుచుకుంది.

"చూశావా అమ్మా," అన్నాడు తెమిర్‌బెక్. "నీ కోడలు నన్ను పొమ్మంటోంది."

"టీ పోశాను," అంది జుమాగుల్. "చల్లారకముందు తాగండి."

"ఈ ఇల్లు మా నాన్న కట్టించాడు."

"అవునండీ, మామయ్య కట్టించారు. అందుకే రెండు చేతులతో ఇచ్చాను."

ఈ కోపం ఆ పియాలాలో పుట్టింది కాదు. గడిచిన వసంతంలో ఇదే గుడ్డ ముందు, ఇదే దిండు మీద కూర్చుని అతను అడిగిన ఒక కోరికలో పుట్టింది. పెద్ద దేశం ముక్కలై విడిపోయాక మిల్లుకు సరుకు రావడం ఆగింది. సరుకు ఆగాక మగ్గాలు ఆగాయి. పనిలేని మనుషులను మిల్లే తీసివేస్తే పరిహారం మిల్లే ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు మానుకుంటే ఏమీ ఇవ్వనక్కరలేదు. కనుక నేత విభాగంలోని ఆడవాళ్లందరి చేతా 'నా సొంత కోరిక మేరకు ఉద్యోగం మానుకుంటున్నాను' అని రాయించమని పైవాళ్లు తెమిర్‌బెక్‌ను పురమాయించారు. ఒక్కరూ రాయలేదు. అప్పుడు అతను తమ్ముడి ఇంటికి వచ్చాడు. ముందు నువ్వు రాయి, నిన్ను చూసి మిగతావాళ్లు రాస్తారు, మగ్గాలు తిరగగానే మొదట నిన్నే పిలుస్తాను అని జుమాగుల్‌తో అన్నాడు. బావగారు అడిగితే కాదనే నోరు కోడలికి ఉండదని తెలిసే అడిగాడు. ఆమె అత్తగారి ముఖం చూసింది. పెద్దవాడు అడుగుతున్నాడు, రాసివ్వమంది బురుల్సున్. జుమాగుల్ రాసింది. అధికారి ఇంటి కోడలే రాసిందంటే ఇందులో మోసం ఉండదని నమ్మి విభాగమంతా రాసింది.

వేసవి వచ్చి వెళ్లింది. మగ్గాలు తిరగలేదు. ఆడవాళ్లు నిరుద్యోగ భృతి కోసం ఉపాధి కార్యాలయానికి వెళ్తే, మీరు మీ ఇష్టంతో మానుకున్నారు గనుక మీకు భృతి లేదని చెప్పి పంపేశారు. ఇక మిగిలింది ఒకటే దారి. ఇంకొకరిని చూసి కాక, అధికారి రాయమన్నందుకే రాసిన ఒక్క మనిషైనా ఆ కార్యాలయపు కమిషన్ ముందు అతని పేరు తేల్చిచెబితే అందరి కాగితాలనూ మళ్లీ చూస్తారు. మేము ఎవరినీ రాయమనలేదని మిల్లు ముందే జవాబు పంపింది. కమిషన్ రేపు పొద్దున కూర్చుంటుంది. మొదట రాసింది జుమాగుల్ కనుక మొదటి పిలుపు ఆమెకే వచ్చింది.

తెమిర్‌బెక్ వచ్చింది ఆ పిలుపు గురించి మాట్లాడడానికే.

"రేపు వెళ్తున్నావట."

"పిలిచారు. వెళ్లకపోతే మర్యాద కాదు కదా."

"వెళ్లి ఏం చెబుతావు?"

"జరిగింది చెబుతాను."

"ఏం జరిగింది?" తెమిర్‌బెక్ గొంతు పెంచలేదు. మిల్లులో కూడా అతను గొంతు పెంచేవాడు కాదు. పెంచకుండానే పని జరిగేది. "నీ చెయ్యి పట్టుకుని రాయించానా? నీ మెడ మీద కత్తి పెట్టానా? కలం ఎవరిది?"

"కలం నాదే. మాట మీది."

కుబాత్ దగ్గాడు. అది ఊరుకోమని భార్యకు చెప్పిన దగ్గు. జుమాగుల్ అటు తిరగలేదు.

తెమిర్‌బెక్ నవ్వాడు. అతని నవ్వులో నిజంగానే వినోదం ఉంది, అదే ఆమెకు ఎక్కువగా మండింది. రేపు ఎవరు రాయమన్నారని వాళ్లు అడిగితే ఏమంటావు, 'ఆయన' అంటావా అని అడిగాడు. "నా పేరులో 'తెమిర్' అంటే ఇనుమని ఇనుమును కూడా ఇనుము అనవు. 'అత్తయ్యా, నల్ల పెనం ఎక్కడ పెట్టారు' అంటావు. మగ్గం కడ్డీ విరిగితే 'గట్టిది విరిగింది' అన్నావట, మిల్లంతా చెప్పుకుని నవ్వింది. అలాంటిదానివి నలుగురిలో నిలబడి నా పేరు పలుకుతావా, అమ్మాయ్?"

ఆ మాటలో అబద్ధం లేదు. పెళ్లయి వచ్చిన రోజు నుంచి అత్తింటి పెద్దల పేర్లు ఆమె నోటికి నిషిద్ధం. బతికున్న బావగారి పేరూ, పోయిన మామగారి పేరూ, ఆ పేర్లలో దాగిన మామూలు మాటలూ కూడా. అది ఆమె ఒక్కతె చాదస్తం కాదు. ఆ వీధిలో ఏ కోడలూ పలకదు. బురుల్సున్ అయితే తన భర్త పేరును కాపురం చేసిన అన్నేళ్లలోనూ, ఆయన పోయాక కూడా పలికి ఎరగదు. పింఛను కార్యాలయంలో భర్త పేరేమిటని అడిగితే పక్కనున్న పరాయి మనిషి మోచేయి గిల్లి, ఆ మనిషి చేత చెప్పించి వచ్చింది.

తెమిర్‌బెక్ ఇంకొక మాట అన్నాడు. కుబాత్ నడిపే మిల్లు లారీ తాళం ఏ బల్ల మీద ఉంటుందో అందరూ గుర్తుంచుకుంటే మంచిదన్నాడు. ఆ బల్ల తెమిర్‌బెక్‌దే.

"అన్నయ్యా," అన్నాడు కుబాత్, "దానికీ దీనికీ ఏమిటి సంబంధం."

"అదే నేనూ అడుగుతున్నాను. సంబంధం లేకుండా చూసుకో."

జుమాగుల్ చేతిలోని టీ గిన్నెల గుడ్డను మడతపెట్టి కింద పెట్టింది. "బావగారూ, మీరు ఇక్కడే కూర్చుని చెప్పారు. ఈ దిండు మీదే. ఆ రోజు మీకు గుర్రపు మాంసం నూడుల్స్ వండి పెట్టాను. రెండోసారి వడ్డించుకున్నారు. తిని, చెయ్యి తుడుచుకుని, కాగితం రాయమన్నారు."

తెమిర్‌బెక్ ముఖంలో నవ్వు పోయింది. చెయ్యి చాచి, గుడ్డ మధ్యలో ఉన్న రొట్టె మీద అరచెయ్యి ఆన్చాడు.

"ఈ రొట్టె మీద ఒట్టు. ఈమెను నేను ఏ కాగితమూ రాయమనలేదు. అబద్ధమైతే ఈ రొట్టె నన్ను కొట్టనీ."

కుబాత్ తల ఎత్తాడు. వెంటనే దించేశాడు.

బురుల్సున్ కొడుకు ముఖం చూడలేదు. రొట్టె మీద ఉన్న అతని చేతిని చూసింది, అతను ఆ చెయ్యి తీసేదాకా. తరువాత ఆ చెయ్యి ఉన్న చోటును చూసింది. జుమాగుల్ ఆమె నోటి నుంచి ఒక మాట వస్తుందని ఎదురుచూసింది. ఆ రోజు ఆ ముసలామె ఇదే గదిలో ఉంది, అన్నీ విన్నది, రాసివ్వమన్నది కూడా ఆమే.

మాట రాలేదు.

తెమిర్‌బెక్ లేచి బూట్లు తొడుక్కున్నాడు. పియాలా అలాగే నిండుగా ఉండిపోయింది.

అతను వెళ్లాక కుబాత్ ఆకలేస్తోందని రొట్టె వైపు చెయ్యి చాచాడు. "అది కాదు," అంది తల్లి. ఆ రొట్టెను తన పాత తలగుడ్డలో చుట్టి పెట్టె మీద పెట్టింది. నిన్న మిగిలిన ముక్కలు తెచ్చి కొడుకు ముందు పెట్టింది. ఎందుకని అతను అడగలేదు.

భార్యాభర్తలు మాట్లాడుకున్నది బయట, బొగ్గు కొట్టు దగ్గర. ఇంకా వెలుతురు ఉంది. కొండల మీద మంచు గులాబీ రంగుకు తిరుగుతోంది. కుబాత్ మొదట బతిమాలాడు. వెళ్లు, వద్దనను, కాని 'మా అధికారి' అని ఊరుకో, పేరు దాకా పోవద్దు అన్నాడు. తరువాత లెక్క చెప్పాడు. ఆ భృతితో ఇంటికి సరిపడా పిండి కూడా రాదు, లారీ పోతే బొగ్గూ రాదు, ఒకటి తెచ్చుకోబోయి రెండూ పోగొట్టుకుంటామన్నాడు. చివరకు కోప్పడ్డాడు.

"నువ్వేమైనా విభాగం నాయకురాలివా? వాళ్లందరి భారం నీ నెత్తిన ఎవరు పెట్టారు?"

"మీ అన్న పెట్టాడు. వాళ్లు రాసింది నన్ను చూసి."

"చదువుకున్నవాళ్లు, పిల్లల తల్లులు. ఎవరి బుద్ధి వాళ్లకు లేదా?"

"ఉంది. అందుకే మీ అన్న మాట నమ్మలేదు. నన్ను నమ్మారు."

కుబాత్ పార తీసి బొగ్గు బకెట్‌లోకి ఎత్తసాగాడు. బకెట్ నిండాక కూడా ఇంకో పార వేశాడు. బొగ్గు ముక్కలు కాళ్ల దగ్గర దొర్లాయి.

"ఆ రోజు నువ్వూ ఉన్నావు," అంది జుమాగుల్. "ఇవాళ మీ అన్న రొట్టె మీద ఒట్టు పెట్టాడు. ఒక్క మాట అన్నావా?"

"ఏమనమంటావు? నువ్వు అబద్ధం చెబుతున్నావు అన్నయ్యా అని, అమ్మ ముందు?"

"నువ్వు లారీకి భయపడ్డావు. నేను ఆ రోజు ఆయనకు భయపడ్డాను. ఇద్దరం ఒకటే. నీ భయం కింద సంతకం లేదు, అంతే తేడా."

కుబాత్ పారను గోడకు విసిరికొట్టాడు. ఆ చప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది. ఇద్దరూ చాలాసేపు ఒకరికొకరు ఎదురుగా నిలబడి, ఆ కుక్క ఆగడం కోసమే నిలబడ్డట్టు నిలబడ్డారు.

గుమ్మంలోంచి బురుల్సున్ గొంతు వినిపించింది.

"రేపు నేనూ వస్తాను."

కుబాత్ ముఖం తేటపడింది. అది చూసి జుమాగుల్‌కు ఒళ్లు మండింది. తల్లి ఎందుకు వస్తానందో అతనికి అర్థమైంది, ఆమెకూ అర్థమైంది. వెనక అత్తగారు కూర్చుని ఉండగా పెద్దబావ పేరు పలికిన కోడలు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. ముసలామె ఏమీ అననక్కరలేదు. కూర్చుంటే చాలు.

మర్నాడు సన్నగా మంచు పడింది. ఉపాధి కార్యాలయం ఒకప్పటి పసిపిల్లల బడిలో పెట్టారు. నడవా గోడల మీద కుందేళ్లు, పుట్టగొడుగులు ఇంకా రంగు పోకుండా ఉన్నాయి. వాటి కింద నేత విభాగం ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఒకప్పుడు జుమాగుల్ వస్తే పక్కకు జరిగి చోటిచ్చినవాళ్లే. ఇవాళ ఎవరూ జరగలేదు.

"దారివ్వండమ్మా," అంది ఆసిపా. "సొంత కోరిక వచ్చింది."

వేసవి నుంచి జుమాగుల్‌కు అదే పేరు. పెట్టింది ఆసిపాయే. మిల్లులో ఇద్దరివీ పక్కపక్క మగ్గాలు; ఆసిపా భర్త పోయినప్పుడు ఆమె మగ్గాన్ని కూడా జుమాగుల్ చూసుకుంది. ఇప్పుడు ఆసిపా బస్సుల అడ్డా దగ్గర పొద్దుతిరుగుడు గింజలు వేయించి అమ్ముతోంది. వేళ్లు నల్లగా మాడి ఉన్నాయి.

ఆసిపా చూపు జుమాగుల్ వెనకగా వస్తున్న తెల్ల తలగుడ్డ మీద పడింది. "అత్తగారిని కూడా తెచ్చుకున్నావా? మంచిది. కళ్లెం లేకుండా గుర్రాన్ని బయటికి తోలరు."

ఎవరో నవ్వారు. జుమాగుల్ పళ్లు బిగించి ఊరుకుంది. బురుల్సున్ విన్నదో లేదో, గోడ వెంట ఉన్న పిల్లల బల్ల మీద మోకాళ్లు గడ్డం దాకా వచ్చేలా కూర్చుని, వెంట తెచ్చిన చిన్న మూట ఒళ్లో పెట్టుకుంది. మా రోజుల్లో పని చేయనివాణ్ని పట్టుకుని పోలీసు బండి ఎక్కించేవాళ్లు, ఇప్పుడు పిలిచి డబ్బిస్తారా అని గోడను అడిగినట్టు అడిగింది.

"పిలవడం లేదమ్మా," అంది ఆసిపా. "తరుముతున్నారు. మీ ఇంటి చలవే."

తరువాత గొంతు తగ్గించి జుమాగుల్‌తో మాట్లాడింది. ఆ తగ్గిన గొంతులో ఎగతాళి లేదు, అందుకే అది ఎక్కువగా తగిలింది. "నువ్వు ఆయన పేరు చెప్పవు. నాకు తెలుసు. నేనూ ఒకరి కోడల్నే, మా అత్తింటివాళ్ల పేర్లు నేనూ చెప్పలేను. దానికి నిన్నేమీ అనను. కాని ఆయన అడిగితే నేను రాయలేదు జుమా. మూడుసార్లు అడిగాడు, రాయలేదు. నువ్వు రాశాక రాశాను."

జుమాగుల్ ఏదో అనబోయింది. లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు.

బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు రఖీమా, రాజధానిలో చదువుకుని వచ్చిన మనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది. ఒక పక్క టైపు మిషను ముందు గుమాస్తా అమ్మాయి. ఇంకో పక్క మిల్లు తరఫున వచ్చిన సోవెత్‌బెక్, ఉద్యోగాల విభాగంలో పనిచేసేవాడు. వసంతంలో ఈ ఆడవాళ్ల కాగితాలన్నీ తీసుకుని కట్టలు కట్టినవాడు అతనే. బురుల్సున్ అడగకుండానే లోపలికి వచ్చి గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ముసలామెను బయటికి పొమ్మని ఎవరూ అనలేకపోయారు.

రఖీమా కాగితం చూపి, ఇది మీరు రాసిందేనా అంది. నా చేత్తోనే రాశానంది జుమాగుల్. మీకు మీరుగా రాశారా అంటే లేదంది, రాయమంటే రాశానంది.

"ఎవరు రాయమన్నారు?"

"మా అధికారి."

"ఏ అధికారి?" అన్నాడు సోవెత్‌బెక్. "మిల్లులో కుర్చీ ఉన్న ప్రతివాడూ అధికారే. మేడం, మా జవాబు మీ దగ్గర ఉంది. మేము ఎవరినీ అడగలేదు. వీళ్లకు పని చేయబుద్ధి కాలేదు, మానుకున్నారు. ఇప్పుడు భృతి అంటున్నారు."

రఖీమా అతని మాటను పట్టించుకోలేదు గాని కాదనలేదు కూడా. పేరు లేకుండా నేనేమీ రాసుకోలేను, పేరు లేకపోతే ఎవరూ అడగనట్టే లెక్క అని జుమాగుల్‌కు చెప్పింది. "పేరు చెప్పండి."

జుమాగుల్ నోరు తెరిచింది. వీపు మీద అత్తగారి చూపు ఉన్నట్టు అనిపించింది. నాలుక కదల్లేదు. 

"ఆయన మీకేమవుతారు?" అని అడిగింది రఖీమా.

"బావగారు."

రఖీమాకు అర్థమైంది. రాజధానిలో చదువుకున్నా ఆమె కూడా ఎవరికో కోడలే. ఒక తెల్లకాగితం, దాని మీద కలం బల్ల మీదుగా జుమాగుల్ ముందుకు జరిపింది. "పలకనక్కరలేదమ్మా. రాయండి. రాస్తే చాలు."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నట్టయింది. అది దయతో ఇచ్చిన దారే. జుమాగుల్ కలం పట్టుకుంది కూడా. రాస్తే ఆచారం నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది. తలుపు సందులోంచి ఆసిపా నల్లటి వేళ్లు తలుపు అంచును పట్టుకుని ఉండడం కనిపించింది.

ఆమె కలం తిరిగి కాగితం మీద పెట్టి, రెండూ కలిపి వెనక్కి జరిపింది.

"వద్దండి. కిందటిసారీ ఇలాగే కలం ఇచ్చి రాయమన్నారు. అడిగినప్పుడు నోటితో అడిగారు. నేను రాసేసరికి అది నా కోరిక అయిపోయింది. ఆ కాగితంలో అడిగినవాళ్ల గొంతు ఎక్కడుంది? వెతకండి, ఉంటే చూపించండి."  సోవెత్‌బెక్ కుర్చీలో సర్దుకున్నాడు. "ఈసారి రాయను. చెబుతాను. ఆ తలుపు పూర్తిగా తీయండి. నన్ను చూసి రాసినవాళ్లు నన్ను వినాలి."

గుమాస్తా అమ్మాయి లేచి తలుపు తీసింది. నడవాలో మాటలు ఆగాయి.

"తెమిర్‌బెక్," అంది జుమాగుల్.

ఇన్నేళ్లూ ఆమె నోరు చుట్టుతిరిగి పోయిన మాట అది. ఏమీ కూలలేదు. టైపు మిషను టకటకలాడింది. నడవాలో ఎవరో ఒక స్త్రీ నోటి మీద చెయ్యి వేసుకున్న చప్పుడు వినిపించింది. గోడ పక్క కుర్చీ వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు.

సోవెత్‌బెక్ త్వరగానే తేరుకున్నాడు. ఆ పేరుతో మిల్లులో ఇద్దరున్నారని, ఒకతను గోదాములో లెక్కలు చూస్తాడని, అతని మీద ఈ నింద పడితే ఊరుకోడని అన్నాడు. తండ్రి పేరు లేకుండా ఒక్క పేరే రాసుకుంటే రేపు మిల్లు ఒప్పుకోదన్నాడు. ఆ మాట న్యాయమైనదే. రఖీమా తల ఊపింది.

"తండ్రి పేరు చెప్పండి."

జుమాగుల్ దీన్ని ముందుగా ఆలోచించలేదు. రాత్రంతా ఆమె బావగారి పేరుతోనే కుస్తీ పట్టింది. ఆ పేరును పలికించింది కోపం. మామగారి మీద ఆమెకు కోపం లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన శీతాకాలంలో, చీకటితో లేచి బొగ్గుకు బయటికి వెళ్లవలసిన కోడలికంటే ముందే లేచి, బకెట్ నింపి పొయ్యి పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పడుకునేవాడు ఆయన. పోయేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి పేరును ఈ బల్ల ముందు, ఈ మురికిలో, కొడుకు తప్పుకు తోకలా తగిలించాలి. నోరు మళ్లీ మూతపడింది. ఈసారి తెరవడానికి సాయంగా కోపం కూడా రాలేదు.

రఖీమా మళ్లీ కలం వైపు చూసింది. సోవెత్‌బెక్ తన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

వెనక కుర్చీ కిర్రుమంది.

బురుల్సున్ నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చింది. జుమాగుల్ పక్కకు తప్పుకుంది. అత్తగారు తనను చెయ్యి పట్టి బయటికి తీసుకుపోతుందనే అనుకుంది. ముసలామె ఆమెను చూడలేదు. మూట బల్ల మీద పెట్టి, తలగుడ్డ ముడి విప్పింది. నిన్నటి రొట్టె, ఎవరూ తుంచనిది, ఎండి గట్టిపడి ఉంది.

"జూనుష్," అంది.

బల్ల వెనక ముగ్గురికీ అది ఒట్టి పేరు.  ఆ నోటి నుంచి ఆ పేరు జుమాగుల్ ఎన్నడూ వినలేదు. ఆయన సమాధి దగ్గర ఏడ్చినప్పుడు కూడా ఆ ముసలామె 'మా ఇంటి మనిషీ' అనే ఏడ్చింది.

"వినపడలేదమ్మా," అంది గుమాస్తా అమ్మాయి, వేళ్లు మీటల మీద పెట్టి. "ఇంకొకసారి చెప్పండి."

"జూనుష్." ఈసారి నడవాకు కూడా వినిపించింది. "తెమిర్‌బెక్, జూనుష్ కొడుకు. గోదాము వాడు కాదు. నా కడుపున పుట్టినవాడు. నా ఇంట్లో, నా ముందు కూర్చుని ఈ పిల్లను రాయమన్నాడు. రాసివ్వమని నేనూ అన్నాను. నిన్న ఈ రొట్టె మీద చెయ్యి పెట్టి అనలేదన్నాడు."

సోవెత్‌బెక్ ఏదో అనబోయాడు. రఖీమా చెయ్యెత్తి ఆపింది.

"అమ్మా, అతను మీ కొడుకు. ఏం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?"

"రొట్టె కొడితే వాడు లేవడు," అంది బురుల్సున్. "మీరు కొట్టండి. మీరు కొడితే లేస్తాడు."

 రఖీమా ముక్కు తుడుచుకుని, కొత్త కాగితం తీసి ముసలామె ముందు పెట్టింది. ఈ మాటను తల్లి బాధగా విని వదిలేయవచ్చు, సాక్ష్యంగా రాసుకోనూవచ్చు అంది. సాక్ష్యమైతే సంతకం కావాలి. సంతకం పడ్డాక వెనక్కి తీసుకోవడం ఉండదు; కాగితం మిల్లుకు పోతుంది, అక్కడి నుంచి ఇంకా పైకి పోతుంది.

"ఏది రాసుకోమంటారు?"

బయట, మెట్ల ముందు, ఒక లారీ ఆగింది. నడవాలో ఆడవాళ్లు గబగబా పక్కలకు జరుగుతున్న అలికిడి, బరువైన బూట్ల చప్పుడు. "అమ్మా," అని గట్టిగా పిలిచిన మగ గొంతు. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఆ పిలిచింది ఎవరో జుమాగుల్ పోల్చుకోలేకపోయింది. వచ్చినవాడు ఆపడానికి వచ్చాడో, తానూ చెప్పడానికి వచ్చాడో కూడా ఆమెకు తెలియలేదు.

తల్లికి తెలిసే ఉంటుంది. అయినా ఆమె తలుపు వైపు తిరగలేదు. కలం ఎటు పట్టుకోవాలో చూపించమని కోడలి ముందు చెయ్యి చాచింది.